ఆమె కథ ఎవరి కలంలో?

బరంపురం పెద్దలను తలచుకొనేటప్పుడు వరాహగిరి వేంకటగిరి గారి పేరు, ఉప్పల లక్ష్మణరావు గారి పేరు తప్పక వినవస్తాయి. మొదటివారు 1894లోను, రెండవవారు 1898లోను ఈ పట్టణంలోనే జన్మించారు. గిరిగారు రాష్ట్రపతి పదవిని అలంకరించారు. లక్ష్మణరావుగారు వృక్షశాస్త్రజ్ఞులు, మాస్కోలో అనువాదకులు, నవలాకారులు. ఇద్దరూ తమ జీవితకథలను వ్రాసుకొన్నారు. మరి ఆ ఇండ్లలోని స్త్రీల మాటేమిటి?

గిరిగారి తల్లి సుభద్రమ్మగారు సహాయ నిరాకరణ, శాసనోల్లంఘన ఉద్యమాలలో పాల్గొన్నారు. మద్యనిషేధం కోరుతూ జరిగిన ఆందోళనకు ముందు నిలచి అరెస్టయినారు. ఆ రోజులలో ఒక గృహిణి వీధిలోకి వచ్చి పోలీసుల ఎదుట నిలవడం సామాన్య విషయం కాదు. ఇంట ఏమనుకొన్నారో, పొరుగువారు ఏమన్నారో, ఆమె మనస్సులో ఏమి మెదలిందో ఆమె మాటలలో వినే భాగ్యం మనకు లేదు. రాష్ట్రపతి మాతృమూర్తిగానే ఆమె చరిత్రలో మిగిలారు.

లక్ష్మణరావుగారి విషయం మరింత ఆలోచింపజేస్తుంది. ఆయన భార్య మెల్లీగారు స్విట్జర్లాండు దేశీయురాలు. ఆమెను తెలుగు పాఠకులు ఎరిగినది ముఖ్యంగా భర్త వ్రాసిన ‘బతుకు పుస్తకం’ ద్వారానే. ఆయన నవల ‘అతడు-ఆమె’ భార్యాభర్తల దినచర్యల రూపంలో సాగుతుంది. ఒకే సంసారం, ఒకే ఉద్యమకాలం, కాని భర్త చూచినది వేరు, భార్య చూచినది వేరు. నా మట్టుకు భార్య దినచర్యయే ఎక్కువ సజీవమని తోస్తుంది. ఒక పురుషుడు స్త్రీ మనస్సులోనికి అంత దూరం వెళ్ళగలగడం మెచ్చదగినదే. అయినా అది సహానుభూతి మాత్రమే, సాక్ష్యం కాదు.

సాక్ష్యం కావలెనంటే గంజాం ఎల్లలు దాటి భండారు అచ్చమాంబగారి వద్దకు వెళ్ళాలి. 1874లో నందిగామ సమీపంలోని పెనుగంచిప్రోలులో పుట్టిన ఆమెకు బడిచదువు లేదు. పదేండ్ల ప్రాయంలో పెండ్లి అయినది. భర్త ఉద్యోగరీత్యా మధ్యపరగణాలకు, అనగా మనవలెనే పరభాషల నడుమకు వెళ్ళారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకొంటూ ఉండగా ఆయనతోపాటు తానూ అక్షరాలు దిద్దుకొని, హిందీ, మరాఠీ కూడ నేర్చారు. కన్నబిడ్డలు పసితనంలోనే గతించారు. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వెలువరించారు. ఆ మరుసటి ఏడు ‘ధనత్రయోదశి’, ‘స్త్రీవిద్య’ అనే కథలు వచ్చాయి. 1905లో, ముప్పది ఏండ్లకే మరణించారు. చదువుకొరకు తపించిన స్త్రీ పూర్వపు విదుషీమణుల చరిత్రలను వెదకి వెదకి చదవడం యాదృచ్ఛికమని నేననుకోను. ఆమె ఏది చదవాలో, ఏది వ్రాయాలో నిర్ణయించినది ఆమె బ్రతుకే.

1930లో ఉప్పు సత్యాగ్రహం గంజాం తీరంలోనూ సాగింది. అప్పటికి ఈ జిల్లా చెన్నరాజధానిలోనిది. ఒడిశాలో చేరినది 1936 ఏప్రిల్ 1న. కనుకనే ఇక్కడ పట్టుబడిన ఒడియా రచయిత్రి సరళాదేవిగారు వేలూరు జైలుకు చేరారు. మన దుర్గాబాయిగారు కూడ ఆ జైలులో శిక్ష అనుభవించినవారే. సరళాదేవిగారు తరువాత స్త్రీల హక్కులను గూర్చి ‘నారీర దాబి’ వ్రాశారు. తమ నేరమేమిటో కూడ చెప్పుకోలేని నిరక్షరాస్యలైన స్త్రీఖైదీలను జైళ్ళలో చూచి దుర్గాబాయిగారు న్యాయశాస్త్ర గ్రంథాలు చేతబట్టారు. ఒకరు కలం పట్టడానికీ, మరొకరు పుస్తకం తెరవడానికీ అనుభవమే కారణమయినది.

ఇంతకూ మన ఊరి స్త్రీలు ఏమీ వ్రాయలేదా? వ్రాశారు. మంగళహారతులు, పెండ్లిపాటలు ఎక్కించుకొన్న నోటుపుస్తకాలు, పుట్టింటికి వ్రాసిన ఉత్తరాలు, పద్దుల పుస్తకం అంచున గుర్తుకోసం వ్రాసుకొన్న నాలుగు ముక్కలు. ఇంట తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడిన స్త్రీల వ్రాతలలో రెండు భాషలూ కలిసిపోయి ఉంటాయి. అచ్చయిన పుస్తకాలు కావు గనుక వాటిని ఎవరూ సాహిత్యమని లెక్కించలేదు. పాతసామాను తీసివేసేటప్పుడు అవే ముందు పోతున్నాయి. ఆ తెలుగును చదవగల మనుమలు, మనుమరాండ్రు తగ్గిపోతున్నారు కూడ.

ఈ సంచికను చదివే పూర్వవిద్యార్థినులు తమ తల్లుల, అత్తల పెట్టెలు ఒకసారి తెరచి చూడవలెనని నా కోరిక. దొరికినవాటిపై వ్రాసినవారి పేరు, ఊరు, సంవత్సరం తెలిసినంతవరకు గుర్తించి పాఠశాల గ్రంథాలయానికి ఒక నకలైనా ఇస్తే, బీరువాలో ఒక అర వాటికోసం ఖాళీ చేయడం కష్టం కాదు.