స్క్రాబుల్‌లో చిన్న పదాలు

స్క్రాబుల్ అనేది అక్షరాల బిళ్ళలతో ఆడే పదక్రీడ. ఇందులో రెండు మూడు అక్షరాల పదాలను అదను చూసి వాడడం ఒక ముఖ్యమైన వ్యూహం. అమెరికాకు చెందిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే వాస్తుశిల్పి 1930ల దశకంలో ఈ ఆటను రూపొందించాడు. 1948లో జేమ్స్ బ్రూనో దీనికి ఇప్పటి పేరు పెట్టాడు. బల్లపై 15 వరుసలలో వరుసకు 15 గడులు, ఆంగ్ల ఆటలో 100 బిళ్ళలు ఉంటాయి. ఆటగాని చేతిలో ఒకసారికి 7 బిళ్ళలుంటాయి.

చిన్న పదాల బలం

ఏడు బిళ్ళలనూ ఒకేసారి పేర్చినవారికి 50 పాయింట్లు అదనంగా వస్తాయి కనుక పెద్ద పదాలే గెలిపిస్తాయని కొత్తవారు భావిస్తారు. కాని అటువంటి అవకాశం ప్రతిసారీ రాదు. చిన్న పదాల అసలు బలం, ఉన్న పదానికి ఆనించి మరొక పదాన్ని సమాంతరంగా పేర్చడంలో ఉంది. ఉదాహరణకు, బల్లపై 'హోమ్' (హెచ్, ఓ, ఎం, ఈ) అనే పదం ఉన్నదనుకొందాం. దాని మొదటి మూడు అక్షరాల కింద 'యాక్స్' (ఏ, ఎక్స్, ఈ) పేర్చితే నిలువుగా 'హా', 'ఆక్స్', 'మీ' అనే మూడు రెండక్షరాల పదాలు కూడా ఏర్పడతాయి. 'యాక్స్' ఒక్కదానికే అయితే 10 పాయింట్లు; నాలుగు పదాలకూ కలిపి 28. వాడినవి మూడు బిళ్ళలే.

'క్యూ' తరువాత 'యు' రావాలని బడిలో నేర్పుతాము. ఆ సూత్రాన్ని నమ్ముకొన్నవాడు ఇక్కడ నష్టపోతాడు. ప్రాణశక్తి అనే అర్థంలో చైనా భాష నుండి వచ్చిన 'చీ' (క్యూ, ఐ) అనే పదాన్ని ఉత్తర అమెరికా పదపట్టికలో 2006లో చేర్చారు. అక్షర విలువను మూడింతలు చేసే గడిలో 'క్యూ' ఉంచి ఈ పదాన్ని అడ్డంగానూ నిలువుగానూ పూర్తిచేస్తే 62 పాయింట్లు వస్తాయి. కాలిన్స్ పదపట్టిక 2019 కూర్పులో ఇటువంటి రెండక్షరాల పదాలు 127 కలవు. పోటీలకు వెళ్ళేవారు వీటిని ఎక్కాలవలె కంఠస్థం చేస్తారు, అర్థం తెలియకపోయినా సరే. న్యూజీలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడడం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీలో గెలిచాడు.

తెలుగుకు అన్వయం

తెలుగులో ఏది చిన్న పదమో తేల్చడం ఇంత సులభం కాదు. అమరావతి స్తూపం వద్ద దొరికిన శిలాశకలంపై ఉన్న 'నాగబు' అనే మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి తొలి తెలుగు పదంగా గుర్తించాడు. తెలుగు పదబంధ ప్రహేళికలో ఇది మూడు గడులలో ఇముడుతుంది. రోమన్ లిపిలో ఆరు గడులు కావాలి. ఆంగ్ల ఆటలో మూడు బిళ్ళలు పట్టే 'శ్రీ' మనకు ఒకే అక్షరం. రా, పో, తే వంటి ఏకాక్షర పదాలు మనకు అనేకం ఉన్నా అవి బిళ్ళలను కలపడానికి పనికిరావు. ఆ పని ఊరు, చేను, వాన వంటి రెండక్షరాల పదాలే చేయాలి.

ఒత్తులతో మరొక చిక్కు ఉంది. ఈ ప్రాంతపు పంటల పేర్లనే తీసుకొంటే, 'మిరప'లోని మూడు అక్షరాలపైనా వేరే పదాలు సులభంగా అల్లవచ్చును. 'పత్తి'లోని 'త్తి'ని మాత్రం కత్తి, నత్తి, బత్తి వంటి కొద్ది పదాలతోనే కలపగలం. ఆంగ్లంలో పదం చివర 'ఎస్' చేర్చినట్లు తెలుగులో 'లు' చేర్చి వాన, ఆట వంటి పదాలను పొడిగించవచ్చును. అయితే 'ఊరు' బహువచనంలో 'ఊళ్ళు' అవుతుంది కనుక అక్కడ ఆ ఎత్తు పారదు.