నూనె గడ్డకట్టిన పూట

నలుగురు స్నేహితులు కూడినచోట పనికివచ్చే సంగతుల కంటె పనికిరాని సంగతులకే గిరాకీ ఎక్కువ. బియ్యం ధర, పిల్లల ఉద్యోగాలు, మోకాళ్ళ నొప్పులు అన్నీ అయిన తరువాత ఎవరో ఒకరు "అదిసరే గాని, మీకీ సంగతి తెలుసునా?" అని మొదలుపెడతారు. అంతతో కూర్చున్నవారందరూ కొంచెం ముందుకు జరుగుతారు. ఆ సంగతి తెలిసినందువలన ఎవరికీ రూపాయి రాదు. తెలియనందువలన పోయేదీ లేదు. అయినా ఇంటికి వెళ్ళి భార్యాబిడ్డలకు చెప్పేది మాత్రం అదే.

ఇటువంటి వాటిని ఇంగ్లీషువారు ట్రివియా అంటారు. లాటిన్ భాషలో ట్రివియం అనగా మూడు దారులు కలిసే కూడలి. కూడలిలో వినిపించేది, దారిన పోయే ఎవరికైనా దొరికేది అనే భావం నుండి ఆ మాటకు "అల్పమైనది" అనే అర్థం వచ్చింది. మన రచ్చబండ కబుర్లకు దగ్గరి చుట్టమే. మాట రోమనులది గనుక ముందుగా వారి కాలపు ముచ్చట్లు కొన్ని చెప్పి, చివర నా తప్పు ఒకటి ఒప్పుకొంటాను. ఆ తప్పు ఇంత దూరం నుండి వస్తేనే గాని నాకు అర్థం కాలేదు.

క్రీ.శ. 14 నుండి 37 వరకు రోమును ఏలిన టైబీరియస్ చక్రవర్తికి పురాణగాథలపై మోజు మెండు. పండితులను దగ్గర కూర్చోబెట్టుకొని వింత ప్రశ్నలు వేసేవాడని చరిత్రకారుడు స్యూటోనియస్ వ్రాశాడు. ట్రాయి నగరపు రాణి హెక్యుబా తల్లి ఎవరు? అకిలీస్ ఆడవేషంలో కన్యల నడుమ దాగి ఉన్నప్పుడు అతని పేరేమి? సైరెన్లు నావికులకు పాడిన పాట ఏది? ప్రశ్నలు ముచ్చటైనవే. మన తాతలు భారతం చదివినప్పుడు విరటుని కొలువులో ఎవరి మారుపేరు ఏదని పిల్లల నడిగినట్టే ఉన్నవి.

కాని అడిగేవాడు చక్రవర్తి. నాడు చదివిన గ్రంథాల నుండి రాత్రి భోజనాల వద్ద ప్రశ్నలు వేయడం ఆయన అలవాటు. సెలూకస్ అనే వ్యాకరణ పండితుడు, ప్రభువు ఏ రోజున ఏ గ్రంథం చదువుతున్నాడో పరిచారకుల ద్వారా తెలుసుకొని, సిద్ధపడి వచ్చేవాడు. మన బళ్ళలో పరీక్షకు ముందు ప్రశ్నపత్రం సంపాదించడం వంటిదే. సంగతి బయటపడింది. టైబీరియస్ మొదట అతనిని తన సాంగత్యం నుండి వెలివేశాడు. అటుపైన ఆత్మహత్యకు పురికొల్పాడు. హెక్యుబా తల్లి పేరు వంటి సంగతుల వెనుక ఒక నిండుప్రాణం పోయింది.

ఆ తరం వాడే అయిన తత్త్వవేత్త సెనెకా ఈ వెర్రిని చూసి విసుక్కొన్నాడు. జీవితపు హ్రస్వత్వాన్ని గూర్చి వ్రాసిన గ్రంథంలో, యులిసీస్ పడవకు తెడ్డువేసినవారు ఎందరు, ఇలియడ్ ముందా ఒడిస్సీ ముందా అని తర్కించే వారిని మందలించాడు. ఈ జబ్బు గ్రీకుల నుండి రోమనులకూ అంటుకొన్నదని వాపోతూ ఉదాహరణలు ఇచ్చాడు: నౌకాయుద్ధంలో తొలి విజయం డుయిలియస్‌ది, విజయోత్సవంలో తొలిసారి ఏనుగులను నడిపించినవాడు క్యూరియస్ డెంటాటస్ అని. చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. వద్దు వద్దంటూనే రెండు వేల యేళ్ళ పాటు ఆ రెండు సంగతులనూ మోసుకొని వచ్చి మన చేతిలో పెట్టింది ఆ మహానుభావుడే కదా!

ఇక నేను చెప్పదలచుకొన్న అసలు ముచ్చట క్రీస్తుశకం రెండవ శతాబ్దపు ఏథెన్సులో జరిగింది. ఆలస్ గెలియస్ అనే రోమను యువకుడు చదువుకోసం అక్కడికి వెళ్ళి, టారస్ అనే ప్లేటో మతానుయాయి వద్ద శుశ్రూష చేశాడు. ఆ దేశపు దీర్ఘమైన చలికాలపు రాత్రులలో చదివినవి, విన్నవి వ్రాసుకోవడం మొదలుపెట్టి, ఆ పేరనే "అట్టిక్ రాత్రులు" అనే ఇరవై భాగాల గ్రంథం కూర్చాడు. అందులో ఎనిమిదవ భాగానికి శీర్షికలు తప్ప మిగిలినది నష్టమైంది. వరుస, క్రమం ఏవీ లేవు. ఏది తోస్తే అది. ఒక పుటలో శబ్దవ్యుత్పత్తి, మరొక పుటలో న్యాయశాస్త్రం, ఆ పక్కనే ఒక జంతువు కథ. మనం చిన్నప్పుడు వాచకంలో చదువుకొన్న ఆండ్రోక్లీస్, సింహం కథ అందులోనిదే. దానిని మొదట వ్రాసిన ఆపియన్ గ్రంథం నేడు లేదు. గెలియస్ ముచ్చటపడి ఎత్తి వ్రాసుకొన్నందున ఆ కథ ఇంత వివరంగా నిలిచింది.

గురువుగారింట రాత్రి భోజనం ఎటువంటిదో కూడ గెలియస్ చెప్పాడు. ఒక కుండెడు మసూరు పప్పు, అందులో సన్నగా తరిగిన సొరకాయ ముక్కలు. ఇది చదివినప్పుడు నాకు ఆ ఏథెన్సు నగరం మా వీధి చివర ఉన్నట్టు అనిపించింది! శిష్యులు ఆ విందుకు తమ వంతుగా పిండివంటలు తీసుకొని వెళ్ళేవారు కారట. తలా ఒక చిక్కు ప్రశ్న పట్టుకొని వెళ్ళేవారట. చనిపోయేవాడు చనిపోయేది ఎప్పుడు, ప్రాణం ఉన్నప్పుడా, పోయిన తరువాతనా? లేచేవాడు లేచాడని ఎప్పుడనాలి, కూర్చొని ఉండగానా, నిలబడిన తరువాతనా? ఇవీ వారు తెచ్చుకొన్న వంటకాలు.

ఒకనాటి రాత్రి పప్పు ఉడికింది. నూనె పోయవలసి ఉన్నది. వడ్డించే కుర్రవాడికి ఎనిమిదేళ్ళకు మించి ఉండవు, గడుగ్గాయి. నూనెకూజా వంచి కుండ చుట్టూ తిప్పాడు. చుక్క రాలేదు. కుదిపాడు. లేదు. అందరూ నవ్వారు. వాడు తడుముకోకుండా, నవ్వకండి, లోపల నూనె ఉన్నది, తెల్లవారి చలికి గడ్డకట్టింది అన్నాడు. నిజానికి కూజా వట్టిది. టారస్ కోప్పడలేదు. నవ్వి, పరుగున పోయి నూనె తెమ్మని పంపాడు. వాడు వచ్చేలోగా ఆకలిగా ఉన్న శిష్యులతో, పప్పు ఎలాగూ కాలుతున్నది, చేతులు వెనక్కు తీసుకోండి, నూనె గడ్డకడుతుందని ఈ పిల్లవాడు గుర్తుచేశాడు గనుక అది తరచుగా ఎందుకు గడ్డకడుతుందో, ద్రాక్షసారా అరుదుగా మాత్రమే ఎందుకు గడ్డకడుతుందో ఆలోచిద్దాం అన్నాడు. కాడి దాదాపుగా గడ్డకట్టదన్న మాట కూడ ఆ చర్చలో వచ్చింది.

మా ఇళ్ళలో ధనుర్మాసపు ఉదయాన కొబ్బరినూనె సీసా ఎండలో పెట్టుకొనేవాళ్ళం. 24 డిగ్రీల దిగువన అది గడ్డకడుతుంది. నువ్వుల నూనె ఆ చలికి చలించదు. ఎందుకని మేమెవ్వరం అడగలేదు. టారస్ ఇంట ఒక పసివాడి అబద్ధం నుండి ఆ ప్రశ్న పుట్టింది. పుట్టనిచ్చినవాడు గురువు.

వారి పండుగ భోజనాలలో పోటీలూ ఉండేవి. ఎందరు అతిథులో అన్ని ప్రశ్నలు. వంతులు చీట్లు వేసి తేల్చేవారు. జవాబు చెప్పినవాడికి బహుమతి ఒక పాత గ్రంథం, ఒక లారెల్ ఆకుల కిరీటం. ఎవ్వరూ చెప్పలేకపోతే ఆ కిరీటం పండుగ దేవుడైన శాటర్నుకు సమర్పించేవారు. తెలియకపోయినందుకు అక్కడ ఎవరి తలా పోలేదు. తెలియనిది దేవుడి వంతు.

అయితే గెలియస్‌కూ పనికిరాని సంగతులంటే విసుగు పుట్టిన రోజు ఒకటి ఉన్నది. చదువుకొన్న మిత్రుడొకడు, నీ గ్రంథానికి ఉపకరిస్తుందని ఒక పెద్ద పుస్తకం ఇచ్చాడు. నిధి దొరికినట్టు తలుపు వేసుకొని చదివితే అందులో ఉన్నవి ఇవి: మొట్టమొదట వైయాకరణుడని పిలువబడిన వాడెవడు, పైథాగొరస్ అనే పేరుగలవారు ఎందరు, టెలిమాకస్ పక్కన పడుకొన్న స్నేహితుని చేతితో గాక కాలితో తట్టి ఎందుకు లేపాడు, హోమరుకు గులాబీ నూనె తెలిసి గులాబీ ఎందుకు తెలియలేదు. గెలియస్ ఆ పుస్తకాన్ని మర్యాదగా తిరిగి ఇచ్చివేశాడు. మనిషి ఇంటికి, నడవడికి సంబంధించని చదువు తనకు అక్కరలేదన్నాడు. ఆయన సొంత గ్రంథంలో ఉన్నవి కూడ ఇంచుమించు ఇటువంటివే గదా అని మనకు సందేహం వస్తుంది. నాకు తోచినది ఇది: ఆయన వ్రాసుకొన్న సంగతికి పక్కన తరచు ఒక మనిషి ఉంటాడు. ఎవరు అడిగారో, ఎవరు నవ్వారో, కుండలో ఏమి ఉడుకుతున్నదో ఉంటుంది. మిత్రుడిచ్చిన పుస్తకంలో ఆయన చెప్పినంత మేరకు సంగతులే ఉన్నవి, మనుషులు లేరు.

మనుషులు తప్పుకొంటే ఏమవుతుందో మన కాలంలోనూ చూశాం. 1979లో కెనడాలోని మాంట్రియల్‌లో ఇద్దరు పాత్రికేయ మిత్రులు స్క్రాబుల్ ఆడబోయి, బిళ్ళలు కొన్ని కనిపించక, తామే ఒక ఆట కల్పించుకొన్నారు. అదే ట్రివియల్ పర్స్యూట్. ఇద్దరు స్నేహితుల కాలక్షేపం కోట్ల డాలర్ల వ్యాపారమైంది. అంతకుముందే, 1974లో, ఫ్రెడ్ వర్త్ అనే అమెరికన్ ఇటువంటి సంగతుల విజ్ఞానసర్వస్వం ఒకటి ప్రకటించి, అందులో దొంగను పట్టడానికి ఒక అబద్ధం దాచాడు. టీవీ ధారావాహికలోని డిటెక్టివ్ కొలంబో మొదటి పేరు ఫిలిప్ అని వ్రాశాడు. అది ఆయన కల్పన. ఆ "ఫిలిప్" ఆటలోని చీటీలో ప్రత్యక్షమైంది. వర్త్ 1984లో 30 కోట్ల డాలర్లకు దావా వేశాడు. ఆయన పుస్తకం వాడుకొన్నామని ఆటవారు ఒప్పుకొన్నారు. వాస్తవాలపై ఎవరికీ స్వామ్యం లేదని కోర్టు దావా కొట్టివేసింది. 1987లో అప్పీలూ పోయింది. ఏథెన్సు పిల్లవాడి అబద్ధం ఒక ప్రశ్నకు దారితీసింది. ఈ అబద్ధం కోర్టుకు దారితీసింది.

మన తెలుగువారు ఈ విషయంలో చాల తెలివైనవారు. అసందర్భపు ప్రశ్నకు సభలో ఆసనం వేసి కూర్చోబెట్టారు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపదుల సరసన అప్రస్తుత ప్రసంగం ఉన్నది. అవధాని ఏకాగ్రతతో పద్యం అల్లుతూ ఉండగా, ఆ పృచ్ఛకుడు నడుమ దూరి సంబంధం లేనిదేదో అడుగుతాడు. అవధాని చిరాకు పడరాదు. చమత్కారంగా బదులు చెప్పాలి. తిరుపతి వేంకట కవుల నాటి నుండి నేటి వరకు సభ నవ్వేది ఎక్కువగా అక్కడే. విద్యకు ఏకాగ్రత ఎంత అవసరమో, దానిని భంగపరచే మాటను ఓర్చుకోవడం అంత అవసరమని పెద్దలు గుర్తించారు.

ఈ సంగతి తరగతిలో ఎన్నోసార్లు చెప్పినవాడినే. అయినా, ముప్పది ఐదేళ్ళ క్రిందట ఒక మధ్యాహ్నం గజేంద్రమోక్షం పాఠం చెబుతున్నాను. గొంతు బాగా పలుకుతున్న రోజు. కరిమకరాలు వేయి సంవత్సరాలు పోరాడాయని చెప్పగానే వెనుక బెంచీ నుండి ఒక పిల్లవాడు లేచి, "మాస్టారూ, అన్నేళ్ళూ ఆ ఏనుగు ఏం తిన్నదండీ?" అన్నాడు. తరగతి గొల్లుమన్నది. నాకు తల కొట్టేసినట్టయింది. "పద్యం అప్పజెప్పడం చేతకాదు గాని దాని తిండి నీకెందుకురా?" అని బెంచీ ఎక్కించాను. గంట కొట్టేదాకా నిలబడ్డాడు. ఆ యేడాది నా తరగతిలో వాడు మరి నోరు తెరవలేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను క్రమశిక్షణ అనుకొన్నాను.

విశ్రాంత జీవితంలో గెలియస్ గ్రంథాన్ని ఇంగ్లీషు అనువాదంలో, నిఘంటువు పక్కన పెట్టుకొని చదువుతూ, ఆ నూనెకూజా ఘట్టం దగ్గర ఆగిపోయాను. లేచి భాగవతం తీశాను. అష్టమస్కంధంలో సమాధానం అక్కడే ఉన్నది. పోరు సాగేకొద్దీ గజరాజు బలం తరిగింది. నీరే నెలవైన మకరి బలం పెరిగింది. మకరికి తిండీ తావూ రెండూ ఆ మడుగులోనే ఉన్నవి. ఏనుగు మేత అడవిలో ఉండిపోయింది. తన బలంపై నమ్మకం అడుగంటిన తరువాతనే గజేంద్రుడు భగవంతుని తలచుకొన్నాడు. ఆ పిల్లవాడు అడిగినది పాఠానికి అడ్డుపడే ప్రశ్న కాదు. పాఠం గుమ్మం దగ్గర నిలబడి తలుపు తట్టిన ప్రశ్న. నేను తలుపు వేశాను. పప్పు కుండ ముందు కూర్చొని టారస్ చేసిన పని నేను చేయలేదు. టైబీరియస్ వలె పీఠం మీద కూర్చొన్నాను.

వాడిప్పుడు ఎక్కడ ఉన్నాడో తెలియదు. ఏభై దరిదాపుల వాడై ఉంటాడు. వాడి పిల్లలకు గజేంద్రమోక్షం పాఠం వచ్చి, వెళ్ళిపోయి ఉంటుంది. ఎప్పుడైనా ఎదురుపడితే క్షమాపణ కంటె ముందు జవాబు చెప్పాలని ఉన్నది. ఏమీ తినలేదురా నాయనా, అందుకే అంతగా పిలిచింది అని.