పునరావృత నాళాల్లో ప్రవాహగణన: ఉస్మానియా–తార్నాక ప్రాంతంలో శాస్త్రభాషా చరిత్ర

వ్యాససంగ్రహం: ఒకే ఆకారం వరుసగా పునరావృతమయ్యే నాళాల్లో ప్రవాహాన్ని సంఖ్యాత్మకంగా గణించే పద్ధతి ఎలా రూపొందిందో, ఇటువంటి గణనకు అవసరమైన విద్యాసంస్థలు నెలకొన్న ఉస్మానియా–తార్నాక ప్రాంతంలో శాస్త్రభాష ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగుకు పదాల కొరతకంటే ప్రయోగస్థానాల కొరతే అడ్డంకి అయిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రవాహి, పీడనం, సుడి, ఉస్మానియా, తార్నాక, శాస్త్రభాష.

1. ఉపోద్ఘాతం

రసాయన కర్మాగారాల్లో ఒక ద్రవపు వేడిని మరొక ద్రవానికి అందించే పరికరాలుంటాయి. వాటిలో ముడతల రేకుల నడుమ సన్నని దారులు ఏర్పడతాయి. ఒకే ఇరుకు, ఒకే వెడల్పు పదేపదే వస్తాయి. ప్రవాహి గమనాన్ని నిర్దేశించే సమీకరణాలు నేవియర్ (1822), స్టోక్స్ (1845) కృషితో రూపొందాయి. ఇటువంటి వంకర దారుల్లో వాటిని కలంతో సాధించడం సాధారణంగా అసాధ్యం. దారిని చిన్న గడులుగా విభజించి, ప్రతి గడిలో వేగాన్నీ పీడనాన్నీ కంప్యూటరుతో లెక్కించాలి.

2. ఒక అరతో నాళమంతా

పుణేలో ఇంజనీరింగ్ చదివిన సుహాస్ పటాంకర్, లండన్‌లో స్పాల్డింగ్‌తో కలిసి వేగాన్నీ పీడనాన్నీ సమన్వయించే గణనపద్ధతిని 1972లో ప్రకటించారు. 1977లో పటాంకర్, లియు, స్పారోలు పునరావృత నాళాల సమస్యను పరిష్కరించారు. నాళంలో కొంతదూరం సాగాక వేగవిన్యాసం ప్రతి అరలోనూ ఒకేలా ఉంటుంది. పీడనం మాత్రం అరఅరకూ సమానంగా తగ్గుతూ పోతుంది. ఆ తగ్గుదలను విడదీస్తే మిగిలిన పీడనభాగం కూడా పునరావృతమే. కనుక ఒక్క అరను గణిస్తే చాలు.

ఛందస్సు తెలిసినవారికి ఇది కొత్త కాదు. తోటకవృత్తపు పాదంలో నాలుగూ సగణాలే. ఒక సగణం తెలిస్తే పాదమంతటి లయ తెలుస్తుంది. అర్థం మాత్రం ముందుకు సాగుతూనే ఉంటుంది. వేగం లయ వంటిది, పీడనం అర్థం వంటిది. అయితే ఈ పద్ధతికి హద్దుంది. ప్రవాహం సంక్షుబ్ధమైనప్పుడు ఏ క్షణంలోనైనా ఒక అర పక్క అరను పోలి ఉండాలన్న నియమం లేదు. అప్పుడు ఒక్క అర చాలకపోవచ్చు.

3. స్థలచరిత్ర

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధునిక శాస్త్రాలను ఉర్దూలో బోధించింది. అందుకు ముందే, 1917లో, అనువాద విభాగాన్ని నెలకొల్పి గణిత, విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. 1929లో ఇంజనీరింగ్ కళాశాల మొదలైంది. 1948 తరువాత బోధనాభాష ఆంగ్లమైంది.

క్యాంపస్ పొరుగున తార్నాకలో ఉన్న పరిశోధనశాల, 1944లో హైదరాబాదు రాజ్యం స్థాపించిన సంస్థనుంచి ఎదిగింది. 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగా, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా మారింది. కొద్ది మైళ్ల దూరాన 1967లో ఏర్పడిన ఈసీఐఎల్, 1969లో టీడీసీ–12 కంప్యూటరును తయారుచేసింది. ఈ విధంగా గణితం, రసాయన సాంకేతికత, కంప్యూటరు ఒకే ప్రాంతంలో చేరువయ్యాయి.

4. తెలుగు స్థానం

ఇదే నగరంలో 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి తెలుగులో శాస్త్రగ్రంథాలకు బాట వేశారు. ఆ కృషి విశ్వవిద్యాలయం పుట్టకముందే, దాని అండ లేకుండా సాగింది. మండలి తరువాత మద్రాసుకు తరలింది. ఉస్మానియాలో తెలుగు శాఖకు రాయప్రోలు సుబ్బారావు వంటి కవి సారథ్యం లభించింది. శాస్త్రబోధన మాత్రం ఉర్దూనుంచి నేరుగా ఆంగ్లానికి మళ్లింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలతో, పారిభాషిక పదకోశాలతో ఆ లోటును డిగ్రీ స్థాయివరకు కొంత పూడ్చింది.

పదసామగ్రి ఉంది. ‘ప్రవాహి’, ‘స్నిగ్ధత’, ‘పీడనం’ పాఠ్యగ్రంథాలవి. ‘ఒరవడి’, ‘తూము’, ‘అలుగు’ చెరువుకట్టలవి. నాళం వెడల్పైనచోట గోడవద్ద వెనుదిరిగి తిరిగే ప్రవాహాన్ని ‘సుడి’ అంటే రైతుకూ పరిశోధకునికీ అర్థమవుతుంది. తెలుగు మాధ్యమంలో డిగ్రీ ముగించిన విద్యార్థి క్యాంపస్‌లో అడుగుపెట్టగానే తనకు తెలిసిన విషయానికే కొత్తవాడవుతున్నాడు. అతని అవగాహన లోపించలేదు. దాన్ని పలికే చోటు లేదు.

5. ముగింపు

ఉర్దూలో శాస్త్రబోధనకు అనువాద విభాగం ఆధారమైంది. శాస్త్రభాష దానంతటది పుట్టదని, సంస్థ పూనుకొంటేనే నిలుస్తుందని ఈ ప్రాంతచరిత్ర చెబుతున్నది. ప్రతి విజ్ఞానశాస్త్ర సిద్ధాంతగ్రంథానికి నాలుగు పుటల తెలుగు సంగ్రహాన్ని జోడించే నియమం ఆ పూనికకు తొలిమెట్టు కాగలదు. పదాలు నిఘంటువులో కాదు, వాడుకలో స్థిరపడతాయి.