అటకనుండి అలమారకు

తాళపత్ర గ్రంథమునకు అర అక్కరలేదు. మూరెడు పొడవు, రెండు మూడంగుళముల వెడల్పు గల ఆకులను రంధ్రములగుండ త్రాటితో కూర్చి, రెండు కొయ్యపలకల నడుమ బిగించి, గుడ్డలో చుట్టినచో అది ఒక కట్ట యగును. కట్ట పరుండునే కాని నిలువదు. అందుచేత తెలుగుదేశమునందలి పండితుల యిండ్లలో పుస్తకములకు గోడతో నిమిత్తము లేకుండెను. అవి అటకమీదనో, భోషాణములోనో, వంటయింటి దూలమునకు వ్రేలాడదీసిన మూటలోనో ఉండెడివి. పొయ్యిపొగ పురుగును దూరముగా నుంచునని పెద్దల అనుభవము. సరస్వతీపూజనాడు కట్టలను దింపి, దుమ్ము దులిపి, పూజించి మరల పైకెక్కించెడివారు.

ఆ కాలమునను సంచయము పెరుగకపోలేదు. కాని పెరుగుదలకు ప్రకృతియే హద్దు విధించినది. ఒక పెద్ద కావ్యమునకు ప్రతి యెత్తుట లేఖకునకు నెలల పని. తాటియాకు శాశ్వతము కాదు. శిథిలమైన దానిని చూచి కొత్తప్రతి వ్రాసికొని, పాతదానిని నదిలో విడుచు ఆచారము కొన్నిచోట్ల ఉండెను. ఎవరును తిరిగి వ్రాయనివి నశించినవి. ఇంటిలో ఇరుకు లేకుండుటకు మన సారస్వతము చెల్లించిన మూల్యమిది. అది స్వల్పమని చెప్పుటకు వీలులేదు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలోని తన బంగళాయందు పండితులను జీతమిచ్చి నిలిపి, ఈ కట్టలను సేకరింపించి, పాఠములను పోల్చి, కాగితముపై ప్రతులు వ్రాయించెను. ఊరూర అటకలమీద చెదరియున్నవి ఒక్క కప్పుక్రిందికి వచ్చినవి. అయినను అది వాని కడపటి నెలవు కాలేదు. ఆయన సేకరించిన గ్రంథములు మద్రాసు చేరి, తుదకు అచటి ప్రాచ్యలిఖిత గ్రంథాలయములో భాగమైనవి. బంగళా యున్న స్థలమున నేడు ఆయన పేరిటి గ్రంథాలయము కలదు.

అచ్చుపుస్తకమునకు వెన్నున్నది, నిలుచుట దాని స్వభావము. 1854లో వావిళ్లవారి ముద్రాక్షరశాల వెలసిన తరువాతి తరములలో, దీపమునకై గోడలో విడిచిన గూటిలో మొదట నాలుగు పుస్తకములు చేరినవి. గూడు చాలక అలమార వచ్చినది. పోర్చుగీసువారి ‘అర్మారియో’ మన నోట అలమార యైనది. వస్తువుతోపాటు పేరును అరువే. దానితో కొత్త బాధలును వచ్చినవి: చెదలు, తీరదేశపు చెమ్మ. బీరువా కాళ్లక్రింద నీటిగిన్నెలు పెట్టి, దానిని గోడకు జానెడెడముగా జరిపినవారు ఎందరో! 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టినది. పుస్తకము కొనుట వేరు, చందాదారగుట వేరు. చందాదారుని యింటికి పుస్తకము తానై వచ్చును. అర నిండినదా యని అడుగదు.

ఈ చిక్కునకు లండనులో శామ్యూల్ పెపిస్ కనుగొనిన ఉపాయము వింతది. ఆయన 1666లో నౌకాశాల వడ్రంగిచేత బీరువాలు చేయించుట ఆరంభించెను. తుదకు అవి 12 అయినవి, గ్రంథములు 3000. ఆ సంఖ్య దాటరాదని నియమము. మేలుప్రతి వచ్చినచో పాతది వెలికి పోవలసినదే. పొట్టిపుస్తకముల క్రింద కొయ్యదిమ్మలు పెట్టించి వరుస తలలు సమము చేయించెను. చూపునకు సొంపే, కాని చదువరి శ్రద్ధకంటె గృహాలంకర్త శ్రద్ధ యిందు అధికముగా కనిపించును.

భీమరావ్ రాంజీ అంబేద్కరు మార్గము దీనికి విపరీతము. న్యూయార్కు విద్యార్థిదశలో ఆయన పాతపుస్తకముల అంగళ్లలో కొనిన గ్రంథములలో పెక్కు 1917లో ఓడ మునిగి సముద్రము పాలైనవి. పిదప బొంబాయి పరేలులో, కార్మికులు నివసించు చాళ్లలో చాలకాలము కాపురముండెను. అచట మనుష్యులకే చోటు చాలదు. 1930 తరువాతి తొలి సంవత్సరములలో దాదరు హిందూకాలనీలో ‘రాజగృహ’ నిర్మాణమునకు పూనుకొనుటకు ప్రధానహేతువు గ్రంథములే. మగధ ప్రాచీన రాజధాని పేరు ఆ యింటికి పెట్టెను. అటకమీది కట్టలను తాకుటకైన అర్హత లేదని శతాబ్దములుగా త్రోసివేయబడిన కులమున పుట్టినవాడు పుస్తకములకై యిల్లు కట్టించుట, ఒక గృహస్థు సౌకర్యము నెంచి చేసిన పని మాత్రమే కాదు. పెపిస్ బీరువాకు తగినట్లు పుస్తకములను తగ్గించెను. అంబేద్కరు పుస్తకములకు తగినట్లు గోడలను పెంచెను.

ఆ దినములలోనే, 1931లో, ఎస్. ఆర్. రంగనాథన్ గ్రంథాలయ పంచసూత్రములు మద్రాసునుండి వెలువడినవి. గ్రంథాలయము ఎదుగుచుండు జీవి యనునది వానిలో తుదిది. పెరుగు ప్రాణిని ఒక గదిలో బంధింపజాలమని గృహస్థులకు శాస్త్రముకంటె ముందే తెలియును. రాజగృహయు చాలలేదు. అంబేద్కరు 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని, 1946లో దాని పక్షమున బొంబాయి సిద్ధార్థ కళాశాలను స్థాపించెను. ఆయన గ్రంథములలో పెక్కు ఆ కళాశాలకు చేరినవి.

నేటి నగరములందలి బహుళాంతస్తుల వాసములలో దూలము లేదు, భోషాణమునకు చోటు లేదు. తండ్రి అర్ధశతాబ్దము కూర్చినది కొడుకు తూకమునకు అమ్మిన వార్త వినని పట్టణము లేదు. కొడుకును నిందించుట సులభము. పిలిచి పుచ్చుకొను గ్రంథాలయములు నానాటికి తగ్గుచున్న సంగతి ఎవరును ఎత్తరు. హైదరాబాదులో 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఆరంభమైనది రావిచెట్టు రంగారావు గృహముననే. అక్కడ ఇల్లు తానే గ్రంథాలయమై, పిమ్మట పుస్తకములు తమకొక భవనము సంపాదించుకొని సుల్తాన్‌బజారునకు తరలిపోయినవి.