యాంగోన్ కంప్యూటర్లలో రెండు రాతలు

ప్రోగ్రామింగ్ భాషను కొత్త కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాక ముందుగా సరిచూడవలసినవి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్. 1979 నాటి యూనిక్స్ ఏడవ కూర్పుతో ఈ పద్ధతి స్థిరపడింది. 1983లో డాస్ 2.0 దీనిని తనదైన రీతిలో చేపట్టింది. ‘పాత్’ వేరియబుల్‌లోని చిరునామాలను యూనిక్స్ సంతతి కోలన్‌తోనూ, విండోస్ సెమికోలన్‌తోనూ విడదీయడం ఆనాటి వేరుకాపురానికి మిగిలిన గుర్తు.

అంతకంటె లోతైన తేడా లిపి విషయంలో ఉంది. లినక్స్‌లో ‘లాంగ్’, ‘ఎల్‌సీ ఆల్’ అనే వేరియబుల్స్‌ను బట్టి ప్రోగ్రాము తన ముందున్న బైట్లను ఏ సంకేతపద్ధతిలో చదవాలో నిర్ణయించుకుంటుంది. విండోస్ పాత ప్రోగ్రాముల కోసం కోడ్‌పేజీలను నమ్ముకుంది. వ్యవస్థ స్థాయిలో తెలుగుకు గాని, బర్మీస్‌కు గాని సొంత కోడ్‌పేజీ ఎన్నడూ దక్కలేదు. అందువల్ల ఒక చోట సలక్షణంగా నడిచిన పైథాన్ ప్రోగ్రాము మరొక చోట బర్మీస్ పేరు కనబడగానే తప్పు చూపి ఆగిపోయేది. 2018లో వచ్చిన పైథాన్ 3.7, ‘పైథాన్ యూటీఎఫ్ 8’ అనే వేరియబుల్‌కు 1 విలువ ఇస్తే ఈ చిక్కు తీరేలా ఏర్పాటు చేసింది.

కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగు కూలీలకు రంగూన్‌గా పరిచయమైన యాంగోన్‌లో మాత్రం ఈ మందు రోగానికి తగలలేదు. అక్కడ బైట్లు సరిగానే ఉండేవి, అక్షరాలే వేరు.

దక్షిణ భారత లిపుల సంతతికి చెందిన బర్మీస్ లిపికి 1999లో యూనికోడ్ 3.0 స్థానం కల్పించింది. అయితే ఆ అక్షరాలను సరిగా కూర్చి చూపే శక్తి ఆనాటి ఆపరేటింగ్ సిస్టములకు లేదు. సంకేతనియమాలు కూడా 2008 ఏప్రిల్‌లో వెలువడిన 5.1 కూర్పులో గాని కుదుటపడలేదు. ఈ సందులో ‘జాజీ’ అనే ఫాంటు దేశమంతటా అల్లుకుపోయింది. బర్మా జానపద కథల్లోని రసవాద మాంత్రికుడి పేరది. మూలం సంస్కృత ‘యోగి’, అంటే మన జోగికి దాయాదే. 2014లో విదేశీ టెలిఫోన్ సంస్థల రాకతో సిమ్‌కార్డు ధర 1500 చాట్‌లకు దిగి, లక్షలాది ఫోన్లు ఒక్కసారిగా జనం చేతికి వచ్చినప్పుడు వాటితోపాటు జాజీ కూడా వచ్చింది.

వలపలగిలకలో ముందు పలికే రేఫను తరువాత రాయడం తెలుగువారికి తెలిసినదే. బర్మీస్‌లో ఒక అచ్చుగుర్తు ఇందుకు విరుద్ధం: పలకడంలో హల్లు తరువాతిది, రాతలో హల్లుకు ఎడమన నిలుస్తుంది. యూనికోడ్ దానిని పలికే వరుసలోనూ, జాజీ కంటికి కనబడే వరుసలోనూ భద్రపరుస్తాయి. తెలుగు దినపత్రికల పాత ఫాంట్లు రోమన్ అక్షరాల స్థానాలను ఆక్రమించాయి కనుక తేడా చూడగానే బయటపడేది. జాజీ బర్మీస్ స్థానాల్లోనే మకాం పెట్టింది. పైగా మోన్, షాన్, కరెన్ భాషలకు కేటాయించిన స్థానాలను బర్మీస్ అక్షరాల రూపాంతరాలతో నింపింది. ఒక జాతి సౌకర్యానికి చిన్న భాషలు తమ చోటును కోల్పోవడం ఇక్కడి అసలు అన్యాయం. ఆస్పత్రి దస్త్రాల్లో ఒకే రోగి పేరు రెండు విధాల నమోదైతే, వెతికినప్పుడు ఒకటి దొరికి రెండవది దొరకదు. ఏ మందు పడదో రాసినది ఆ రెండవ దానిలోనే కావచ్చు.

రెండూ నియమబద్ధమైన యూటీఎఫ్ 8 కావడం వల్ల వేరియబుల్‌ను ఎంత సరిగా అమర్చినా యంత్రానికి తేడా తెలియదు. 2018లో గూగుల్ బయటపెట్టిన ‘మయన్మార్ టూల్స్’ అక్షరాల వరుసల సంభావ్యతను లెక్కించి ఇది జాజీయా, యూనికోడా అని అంచనా వేస్తుంది. వైద్యుడు లక్షణాలను బట్టి రోగాన్ని ఊహించినట్టే, పాఠం పొట్టిదైతే పొరబడే అవకాశమూ ఉంది. 2019 అక్టోబరు 1ని దేశం యూనికోడ్‌కు మారే దినంగా నిర్ణయించారు. ఫేస్‌బుక్ తన వంతుగా రెండు రాతల మధ్య తానే మార్పిడి చేసే ఏర్పాటు చేసింది.

పాత దస్త్రాలు మాత్రం మిగిలే ఉన్నాయి. యూనికోడ్ వారి ప్రాంతీయ సమాచార భాండారంలో జాజీకి ‘క్యూ ఏ ఏ జీ’ అనే నాలుగక్షరాల గుర్తు ఉంది. కానీ సాదా పాఠ్యదస్త్రంలో ఆ గుర్తు పెట్టడానికి చోటే లేదు.