ముడిని మన్నించిన విల్లు

1346లో క్రెసీ వద్దను, 1415లో అజెన్‌కూర్ వద్దను ఫ్రెంచి సేనలను ఓడించుటలో ఇంగ్లండు విలుకాండ్ర పొడవైన కొయ్యవిల్లు ముఖ్యసాధనమయ్యెను. ఆ యుద్ధములను గూర్చి గ్రంథములు పెక్కు వెలసినవి. రాజుల పేర్లు, సేనానుల పేర్లు నిలిచినవి. కాని ఆ విండ్లను చెక్కిన పనివాని విద్య ఎట్టిదో చక్కగా తెలియుటకు ఒక మునిగిన ఓడ సముద్రగర్భము నుండి పైకి రావలసివచ్చెను.

ఈ వింటికి శ్రేష్ఠమైనది యూ అను చెట్టు. మెల్లగా పెరుగునది. దీని లోపలి ఎఱ్ఱని చేవ నొక్కుడునకు ఓర్చును. చేవపైనుండు తెల్లని కొయ్య సాగుడునకు ఓర్చును. నారి లాగినప్పుడు వింటి వెలుపలి వైపు సాగును, విలుకాని వైపు నొక్కుకొనును. కావున తెల్లకొయ్య వెలుపలను, చేవ లోపలను ఉండునట్లు దుంగను చీల్చి బద్ద తీయుదురు. ఈ ఎరుక మిక్కిలి ప్రాచీనము. 1991లో ఆల్ప్స్ పర్వతముల మంచులో బయటపడిన, అయిదువేల ఏండ్లకు పైబడిన మనుజుని చెంత 1.82 మీటర్ల యూ విల్లొకటి దొరకెను. దానిపై గొడ్డలి గాట్లు ఇంకను ఉన్నవి. పని ముగియకమునుపే అతడు మరణించెను. ఇంగ్లండులో మేలైన యూ కొయ్య చాలనందున పరదేశముల నుండి తెప్పించిరి. వింటిబద్దలు దొరకు దేశముల నుండి వచ్చు ఓడలు టన్ను సరకునకు నాలుగు బద్దల చొప్పున తేవలెనని 1472లో చట్టము చేసిరి.

బద్దను చెక్కుట ఒక ఎత్తు, దానికి వంపు నేర్పుట ఒక ఎత్తు. వింటి నడుమను ఒక కొయ్యపై ఆనించి, నారిని క్రమక్రమముగ లాగి, ఆ కొయ్యకున్న గండ్లలో తగిలింతురు. దూరముగ నిలిచి వంపును పరీక్షింతురు. బిగువుగ నిలిచిన చోట లోపలి వైపున కొంచెము గీకుదురు. మితిమీరి వంగిన చోటును తాకరు. తక్కిన భాగమునంతటిని దానికి సరిపోవునట్లు తగ్గింతురు. ఏలయన తీసిన కొయ్యను మరల చేర్చ వీలులేదు. మందము పదింట ఒక వంతు తగ్గినచో ఆ చోటి బిగువు నాలుగింట ఒక వంతునకు మించి తగ్గును. ఒక్క గీకుడు ఎక్కువైనను దినముల శ్రమ వ్యర్థమగును. అందుచే కొంచెము గీకి, పలుమార్లు లాగి వదలి, కొయ్య ఆ మార్పునకు అలవడిన పిమ్మటనే మరల పనిముట్టు పట్టుదురు.

అసలు పరీక్ష ముడి వద్ద కలుగును. కొమ్మ పుట్టిన చోట మానులో ముడి ఏర్పడును. ఏటినీరు బండను చుట్టిపోవునట్లు కొయ్యపోగులు ముడిని చుట్టిపోవును. వెలుపలి వైపున ముడి ఉబ్బియున్నదని చదును చేసినచో పోగులు తెగును. విల్లు లాగినప్పుడు ఆ తెగిన కొసలు పైకి లేచును. తుదకు విల్లే విరుగును. కనుక నేర్పరి ఆ ఉబ్బును అట్లే వదలి, పోగు నడచిన త్రోవనే తన కత్తిని నడపును. లోపలి వైపునను ముడి దగ్గర కొంత మందము ఎక్కువగ నుంచును. ఆ చోటు తక్కిన వంపుతో కలియక కొంచెము బిగువుగ కనబడును. తొందరపాటువాడు దానిని దిద్దబోయి విల్లును చెరచును. వంపు కంటికి నున్నగ తోచుట కాదు, భారము కొయ్యయంతట సమముగ పడుటయే ప్రధానము. నాగలికి పుట్టువంకర గల కొయ్యనే వెదకు మన వడ్రంగికిని ఈ మర్మము తెలియనిది కాదు.

రోజర్ ఆస్కమ్ అను పండితుడు 1545లో టాక్సోఫిలస్ అను విలువిద్యా గ్రంథమును ప్రకటించి, ఎనిమిదవ హెన్రీ రాజునకు అంకితమిచ్చెను. పండితులు లాటిను వ్రాయు దినములలో అతడు ప్రజలభాషయైన ఇంగ్లీషులో వ్రాసెను. కొమ్మతో చేసిన విల్లు ముడులతో నిండి బలహీనముగ నుండుననియు, బోదెతో చేసినదే మేలనియు చెప్పెను. కాని ఆ గ్రంథము విలుకానికై వ్రాసినది. చెక్కువాని విద్యను సాంతముగ నేర్పునది కాదు.

అదే ఏడు జూలై 19న హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్ ఇంగ్లండు దక్షిణతీరమున సాలెంట్ జలసంధిలో మునిగెను. 1982 అక్టోబరు 11న దానిని పైకెత్తిరి. ఓడ త్రవ్వకములలో 137 పూర్తి విండ్లును, 3,500లకు పైబడి బాణములును లభించెను. విండ్ల పొడవు 1.87 మొదలు 2.11 మీటర్లు. వానిని పూర్తిగ లాగుటకు 100 మొదలు 185 పౌనుల బలము వలసియుండునని పరిశోధకుల అంచనా. వానిపై పనిముట్ల జాడలును, ముడుల చుట్టు కొయ్యను ఉబ్బుగనే విడిచిన తీరును స్పష్టముగ కానవచ్చెను. గ్రంథము చెప్పక విడిచినదానిని కొయ్య చెప్పెను.

1595లో ఇంగ్లండు రాజమంత్రిమండలి శిక్షితదళములందు విల్లునకు బదులు తుపాకిని నిర్ణయించెను. యుద్ధమునకు విల్లు అక్కరలేనిదయ్యెను. దానితో వింటిపనివాని చేతివాటమును క్రమముగ సన్నగిల్లెను. రాజు గెలుపు గ్రంథములకెక్కినట్లు పనివాని నేర్పు ఎక్కలేదు. సాలెంటు బురదయే దానిని నాలుగు శతాబ్దములకు పైగా దాచెను. మన కుమ్మరి, వడ్రంగి, సాలె చేతులలో నున్న విద్యలు వ్రాతకెక్కి గ్రంథాలయములందు చోటు పొందుట ఎంతయు అవసరము. ప్రతి విద్యకును ఒక మేరీ రోజ్ లభింపదు.