బోర్డు మీది పేరు, రాతి మీది పేరు



ధర్మపురిలో బస్సెక్కి కృష్ణగిరి మీదుగా హొసూరు వెళ్లివచ్చేవారు మీలో ఎందరో ఉంటారు. 2004లో కృష్ణగిరి జిల్లా వేరుపడేదాకా హొసూరు కూడా మన ధర్మపురి జిల్లాలోదే. అక్కడి కర్మాగారాల బోర్డుల మీది పేర్లు మనకు ఇంటి పేర్లంత పరిచయం. ఆ పేర్లు ఎలా పుట్టాయో ఈవేళ ముచ్చటించుకుందాం. ఒకటి రెండు చోట్ల మీకు ఆశ్చర్యం కలుగుతుంది. అయితే ఆ ఆశ్చర్యంలో నిజమెంత, కాకతాళీయమెంత అన్నది కూడా చూడాలి.

మొదట అశోక్ లేలాండ్ సంగతి. అశోక్ అనగానే చక్రవర్తి అశోకుడు గుర్తుకు రావడం సహజం. 1947లో జాతీయ పతాకం మీదికి అశోకచక్రం వచ్చింది. 1948లో మద్రాసులో అశోక్ మోటార్స్ వెలిసింది. రెంటికీ ముడి వేయడం తేలికే. కాని ఆ ముడి సరైంది కాదు. ఆ కంపెనీని స్థాపించిన రఘునందన్ శరణ్ తన కుమారుడు అశోక్ పేరు దానికి పెట్టారు. 1955లో ఇంగ్లండుకు చెందిన లేలాండ్ కంపెనీ వచ్చి చేరాక అది అశోక్ లేలాండ్ అయింది. లేలాండ్ అనేది లాంకషైరులో ఒక ఊరు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు బీడు భూమి అని అర్థం. అంటే ఒక బిడ్డ పేరు, ఒక బీడు పేరు కలిసి లారీల మీదికి ఎక్కాయన్నమాట.

మరి చక్రవర్తి అశోకుడికీ మన ప్రాంతానికీ ఏ సంబంధమూ లేదా? ఉంది. అయితే అది బోర్డు మీద లేదు, రాతి మీద ఉంది. కర్నూలు జిల్లాలో, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలున్నాయి. రెండో శాసనంలో ఆయన మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించాననీ చెప్పుకున్నాడు. తన ఏలుబడికి ఆవల ఈ మేలు అందిన వారిలో చోళుల్నీ, పాండ్యుల్నీ, వారితోపాటు సతియపుత్రుల్నీ పేర్కొన్నాడు. ఈ సతియపుత్రులెవరు? తుళునాడు వారని కొందరు, కంచి వారని కొందరు, పండితులు చాలాకాలం వాదించుకున్నారు.

హొసూరులో అశోక్ లేలాండ్ కర్మాగారం 1980లో వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం, 1981లో, తిరుక్కోయిలూరు దగ్గర జంబై అనే ఊళ్లో కొండగుహలో ఒక చిన్న బ్రాహ్మీ శాసనం బయటపడింది. ఆ గుహలో మునులకు నివాసం ఏర్పరచిన దాత పేరు అందులో ఉంది. ఆయన అదియమాన్ నెడుమాన్ అంజి. ఆ పేరుకు ముందు 'సతియపుతో' అన్న బిరుదు చెక్కి ఉంది. అదియమాన్ అంటే ఎవరనుకున్నారు? తగడూరును ఏలిన రాజు. దీర్ఘాయువునిచ్చే ఉసిరికాయ చేతికి చిక్కితే తాను తినక అవ్వైయారుకు ఇచ్చాడని చెప్పుకునే దాత. ఆ తగడూరే మన ధర్మపురి. అశోకుడు పేరెత్తి చెప్పిన వారు మన ఊరి దొరల వంశమని అలా తేలింది.

కర్మాగారం వచ్చిన మరుసటేడే శాసనం దొరకడం కాకతాళీయం. అశోకుడికీ తగడూరుకూ ఉన్న సంబంధం మాత్రం చరిత్ర. మనం ఉందనుకున్నచోట లేకపోయింది, వెతకనిచోట దొరికింది.

ఇక టైటాన్ వాచీలు. 1984లో టాటావారూ తమిళనాడు ప్రభుత్వ పారిశ్రామికాభివృద్ధి సంస్థా కలిసి ఈ కంపెనీ పెట్టారు. టాటా ఇండస్ట్రీస్ నుంచీ తమిళనాడు నుంచీ ఇంగ్లీషు అక్షరాలు కొన్ని తీసి జోడిస్తే టైటాన్ అయింది. గ్రీకు పురాణాల్లో టైటానులు దేవతలకు పూర్వులైన మహాకాయులు. వారి నాయకుడు క్రోనస్. రోమన్లు ఆయన్ని శాటర్న్ అన్నారు. మనం శని అనే గ్రహానికి వారు పెట్టింది ఆ పేరే. శనిగ్రహపు చంద్రుళ్లలో అన్నిటికన్నా పెద్దదాని పేరు కూడా టైటానే. దాన్ని 1655లో కనిపెట్టినవాడు క్రిస్టియాన్ హైగెన్స్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు. ఆయనే మరుసటేడు లోలకంతో నడిచే గడియారం తయారుచేశాడు! టైటానును కనిపెట్టినవాడే గడియారానికి కొత్త నడక నేర్పాడు. మూడు వందల ఏళ్లు దాటాక హొసూరులో గడియారాలు చేసే కంపెనీకి అదే పేరు వచ్చింది. శని అంటే భయపడే మనవాళ్లు ఆయన చంద్రుడి పేరును మణికట్టుకు కట్టుకుని తిరుగుతున్నారు.

అయితే హైగెన్స్ తాను చూసిన చంద్రుడికి టైటాన్ అని పేరు పెట్టలేదు. ఆ పేరు 1847లో జాన్ హెర్షెల్ సూచించాడు. కాబట్టి ఇందులో దైవలీల వెతకనక్కర్లేదు. మంచి కాకతాళీయమని ముచ్చటపడితే చాలు.

చివరగా టి.వి.ఎస్. 1980లో హొసూరు నుంచి వచ్చిన టి.వి.ఎస్. 50 మోపెడ్ మీద పాలక్యాన్లు, గడ్డిమోపులు మోయని పల్లె మన వైపు అరుదు. ఆ అక్షరాలు టి.వి. సుందరం అయ్యంగారివి. 1911లో మధురలో వ్యాపారం మొదలుపెట్టిన మనిషి ఆయన. మొదటి అక్షరం ఆయన సొంత ఊరు తిరుక్కురుంగుడిని చెబుతుంది. అంటే పల్లెపల్లెకూ తిరిగే ఆ బండి తిరునల్వేలి వైపు ఊరొకదాన్ని వెంటబెట్టుకుని తిరుగుతోంది.

శ్రోతలారా, ఇక్కడ మన సంగతి కొంచెం ఆలోచించండి. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు పెట్టి పేరు చెప్పుకునేవాళ్లం. ఈ నాట బడిలో చేర్పించేటప్పుడు తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనిషియల్‌గా రాయిస్తాం. ఇంటిపేరు రికార్డుకెక్కదు. పెళ్లి సంబంధాలప్పుడు తప్ప దాని అవసరం రాదు. మా ఇంటిపేరు ఏమిటని పిల్లలడిగితే తాతను అడగమంటాం. తాత లేని ఇంట్లో అడగడానికి ఎవరున్నారు?

తగడూరు రాజుకు తన బిరుదు తిరిగి దక్కిందంటే ఎవరో ఉలితో నాలుగు అక్షరాలు చెక్కి ఉంచడంవల్లే. మనకు కొండగుహ అక్కర్లేదు, ఒక నోటుపుస్తకం చాలు. మీ ఇంటిపేరు, మీ ఊరి చెరువు పేరు, మీ చేను పేరు ఎందుకొచ్చాయో పెద్దల్ని అడిగి రాసిపెట్టండి. ఎవరు చెప్పారో, ఏ ఏడు చెప్పారో కూడా రాయండి. మీకు తోచిన ఊహ వేరు, పెద్దలు చెప్పిన మాట వేరు. రెండూ కలిపి రాయకండి. రేపు మీ మనుమలు చదివినప్పుడు ఏది చరిత్రో, ఏది కాకతాళీయమో వారే తేల్చుకుంటారు.